ఫోస్టర్ తల్లిదండ్రులు సాయం అడగడం ఎలా, అలసి కూలబడకుండా ఉండడం ఎలా

ఫోస్టర్ కేర్ అంటే కన్నవారి దగ్గర ఉండలేని పిల్లను, ఇలాంటి పిల్లల గురించి నిర్ణయించే బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో కొంతకాలం మన ఇంట్లో పెంచడం. ఆ ఉత్తర్వు సంచిలో పెట్టుకుని, ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చిన వారితో ఇరుగుపొరుగు రెండు రకాలుగా మాట్లాడతారు. "ఎవరి పిల్లో ఏమో, మీకెందుకండీ ఈ తలనొప్పి" అనేవారు కొందరు. "ఎంత పుణ్యం చేసుకుంటున్నారండీ" అనేవారు ఇంకొందరు. నా అనుభవంలో ఎక్కువ చేటు చేసేది ఈ రెండో మాటే. మొదటి మాటకు ఏదో ఒక జవాబు చెప్పి ఊరుకోవచ్చు. రెండోది నోరు కట్టేస్తుంది. పుణ్యం చేస్తున్న మనిషి తనకు వారం రోజులుగా నిద్ర లేదని, ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బు పడలేదని, నిన్న సాయంత్రం పిల్ల మీద చెయ్యెత్తబోయి ఆగిందని ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకోదు. కొన్నాళ్లు పళ్లబిగువున నెట్టుకొచ్చి, ఒక రోజు పిల్లను తిరిగి కమిటీకి అప్పగించేస్తుంది. అప్పటికే ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న పిల్లకు మరో ఇల్లు పోతుంది.

అందుకే ఇక్కడ చెప్పేదంతా అడగడం గురించే. ఎవరిని, ఏమి, ఎప్పుడు, ఎలా అడగాలో విజయవాడ, గుంటూరు వారికి పనికొచ్చేలా రాస్తున్నాను.

ముందు చేతిలో ఉన్న కాగితం చదవండి

బంధువుల పిల్లను ఊరి నుంచి తెచ్చుకుని చదివించడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. అది ఫోస్టర్ కేర్ కిందికి రాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ ప్రకారం కమిటీ ఉత్తర్వు ఇస్తేనే మీరు ఫోస్టర్ కుటుంబం. దత్తతతోనూ దీన్ని కలపకండి. కన్నవారు పిల్లను చూసుకునే స్థితిలో లేరని కమిటీ తేల్చినందువల్ల మీ దగ్గర ఉంచితే, కమిటీ వద్దంటే తప్ప వారు వచ్చి పిల్లను చూసి వెళ్లవచ్చు. వారి పరిస్థితి బాగుపడితే పిల్ల తిరిగి వారి దగ్గరకు వెళ్లవచ్చు కూడా. చదువు, ఆరోగ్యం, తిండి మీ బాధ్యత. నెలనెలా ఆర్థిక సాయం ప్రభుత్వ బాధ్యత.

2024లో కేంద్రం మార్గదర్శకాలు మార్చింది. పెళ్లి కానివారు, భర్త పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా ఇప్పుడు ఫోస్టర్ కేర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి మాత్రం మగపిల్లవాడినే ఇస్తారు. ఇంట్లో పెద్దమనిషి ఒక్కరే అయితే కింద చెప్పబోయే రాత్రుల పంపకం గురించి మరింత ముందుగా ఆలోచించుకోవాలి.

పిల్లను తీసుకునే రోజునే జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని (ఈ పిల్లల పనులు చూసే ప్రభుత్వ కార్యాలయం) వీటికి నకళ్లు అడగండి: ఉత్తర్వు, పిల్ల కోసం తయారుచేసిన వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, టీకాల కార్డు, వాడుతున్న మందుల చీటీ, స్కూలు టీసీ, ఆధార్. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారా, ఉంటే ఎక్కడున్నారు అన్నది తప్పకుండా అడగండి. తోబుట్టువులను వీలైనంతవరకు ఒకే చోట ఉంచాలని చట్టమే చెబుతోంది. ఆ మాట మీరు కదిలిస్తేనే ఫైల్లో కదులుతుంది. పిల్ల ఏ జిల్లా నుంచి వచ్చిందో కూడా రాసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, నరసరావుపేట పల్నాడుకు వెళ్లింది. విజయవాడ స్టేషన్లో దొరికిన పిల్ల సొంత ఊరు ఏ మాచర్లో అయితే విచారణ రెండు జిల్లాల మధ్య నడుస్తుంది. మీ ప్రశ్నకు జవాబు రావడం లేదంటే ఫైలు అక్కడ ఆగిందేమో అడగండి.

కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి అటక మీద ఉంచండి, ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో బీరువా కింది అరలో ఉన్నవన్నీ ఏమయ్యాయో ఆ చుట్టుపక్కల వారికి చెప్పనక్కర్లేదు.

ఒక నోటుపుస్తకం పెట్టండి

రోజుకు నాలుగు పంక్తులు చాలు. తేదీ, చూసింది, చేసింది. పుస్తకంలో పేజీ ఇలా ఉంటుంది:

"8వ తేదీ. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో కూర్చుంది. దిండు గలీబులో నాలుగు చపాతీలు, సగం తిన్న అరటిపండు. ఏమీ అనలేదు. పొద్దున చీమలు పట్టిన గలీబు ఉతికాను. మూత డబ్బాలో వేరుశనగ ఉండలు పోసి మంచం పక్కన పెట్టి, ఇది నీదే, ఎవరూ తియ్యరు అన్నాను. సాయంత్రానికి డబ్బా ఖాళీ. మళ్లీ నింపాను.
15వ తేదీ. డబ్బాలో మూడు ఉండలు మిగిలాయి. దిండు కింద ఏమీ లేదు."

ఆకలి ఎరిగిన పిల్లలు తిండి దాచుకుంటారు. అది రేపటి గురించిన భయం. "దొంగతనం చేసింది" అని రాస్తే చదివేవారికి మీ కోపం తెలుస్తుంది తప్ప పిల్ల సంగతి తెలియదు. పైన రాసినట్లు రాస్తే కౌన్సెలరుకు వారం రోజుల మార్పు కళ్లకు కడుతుంది. సైకిలు మీది నుంచి పడి మోచెయ్యి గీరుకుపోయినా ఆ రోజే రాసి, ఆ రోజే కేసు చూసే కార్యకర్తకు ఒక సందేశం పెట్టండి. రేపు ఎవరైనా "ఆ దెబ్బ ఎలా తగిలింది" అని అడిగితే మిమ్మల్ని కాపాడేది అదే. అనుమానం మీ మీదికి వస్తుందని ముందే అనుకోండి, అందులో అవమానమేమీ లేదు. పిల్లల రక్షణ వ్యవస్థ అనుమానించడం మానేస్తే పిల్లలకే నష్టం.

తనిఖీని మీ సమావేశంగా మార్చుకోండి

ఫోస్టర్ కుటుంబాలను కమిటీ ప్రతి నెలా తనిఖీ చేయాలని చట్టంలో ఉంది. ఆ రోజు మనవాళ్లు చేసేదేమిటంటే, ఇల్లు కడిగి ముగ్గుపెట్టి, పిల్లకు కొత్త గౌను తొడిగి, వచ్చినవారికి కాఫీ ఇచ్చి, "ఏ ఇబ్బందీ లేదండీ, బంగారు తల్లి" అని పంపించేస్తారు. పిల్లను తీసుకెళ్లిపోతారేమోనని భయం. తర్వాత నిజంగా సాయం కావలసి వచ్చినప్పుడు ఫైల్లో "ఏ ఇబ్బందీ లేదు" అని రాసి ఉంటుంది.

కాఫీ ఇవ్వండి, దానితో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. దాని మీద మూడే విషయాలు: ఈ నెలలో బాగున్నది, కష్టంగా ఉన్నది, మాకు కావలసింది. "రాత్రి పక్క తడుపుతోంది, పిల్లల డాక్టరుకు చూపించాలి, ప్రభుత్వాసుపత్రికి రిఫరల్ ఇప్పించండి" అన్నట్లు తేలిగ్గా చెయ్యగలిగిన రూపంలో అడగండి. "చాలా కష్టంగా ఉంది" అంటే వినేవారు తలూపుతారు, అంతే. ఇచ్చిన కాగితానికి నకలు ఉంచుకుని, వచ్చినవారి చేత దాని మీద సంతకం, తేదీ వేయించుకోండి. తనిఖీకి ఎవరూ రాని నెలలో ఆ కాగితం మీరే తీసుకెళ్లి కమిటీ ముందు పెట్టండి. కమిటీ నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి కాబట్టి ఎక్కువ పనిదినాల్లో ఎవరో ఒకరు దొరుకుతారు.

డబ్బు, అర్జీ

మిషన్ వాత్సల్య పథకం కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు రావాలి. స్కూలు ఆటో, పాలు, పుస్తకాలకే అది కరిగిపోతుంది. అయినా "డబ్బు కోసం పెట్టుకున్నారు" అనే నోళ్లు ఉంటాయి, వాటికి లెక్కలు చూపించే పని పెట్టుకోకండి. లెక్క మాత్రం మీ కోసం రాసుకోండి. ఈ సాయం వేరే ఖర్చులతో కలవకుండా చూసుకోండి.

డబ్బు ఆగితే ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. రెండో నెల దాటగానే రాతపూర్వకంగా అడగండి. అర్జీ ఇంత ఉంటే సరిపోతుంది:

"జిల్లా బాలల పరిరక్షణ అధికారి గారికి. విషయం: ఫోస్టర్ కేర్ నెలవారీ సాయం జమ కాకపోవడం. ఫలానా తేదీ, ఫలానా నంబరు ఉత్తర్వు ప్రకారం మా వద్ద ఉన్న బాలికకు ఫలానా నెల నుంచి సాయం జమ కాలేదు. పాస్‌బుక్కు నకలు జతపరిచాను. కారణమేమిటో, ఎప్పటికి జమ అవుతుందో లిఖితపూర్వకంగా తెలియజేయగలరని మనవి."

మీరు ఎంత త్యాగం చేస్తున్నారో అందులో రాయకండి. కన్నీళ్ల అర్జీని జాలిపడి పక్కన పెడతారు, ఉత్తర్వు నంబరు ఉన్న అర్జీకి జవాబు చెప్పాల్సి వస్తుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్లు ముద్ర వేయించుకుని రండి. ముద్ర వేసే గుమాస్తా భోజనానికి వెళ్లారంటే వరండాలో కూర్చోండి.

ఆ తర్వాత మెట్లు ఇవి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని, ముద్ర ఉన్న నకలు జతచేసి ఇవ్వండి. కమిటీ పనితీరు మీద ఫిర్యాదులు వినాల్సింది కూడా కలెక్టరే. ఫోస్టర్ కేర్ విషయంలో కమిటీ ఇచ్చిన ఉత్తర్వు మీకు అన్యాయంగా తోస్తే 30 రోజుల్లో కలెక్టరు వద్ద అప్పీలు చేసుకోవాలి. ఈ గడువు చాలామందికి తెలియదు, బాధపడడంలోనే నెల గడిచిపోతుంది. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబు. వకీలు కావాలంటే న్యాయసేవల హెల్ప్‌లైను 15100కు ఫోను చేయండి. ఆడవారికి, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవ ఉచితం. గుంటూరు వారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఊళ్లోనే ఉంది. విజయవాడ వారు జిల్లా సంస్థ ఉన్న బందరు దాకా పోకుండా ముందు స్థానిక కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీని కలవవచ్చు.

ఇంత చేసినా గొంతు పెంచవద్దు. ఎదుటి కుర్చీలోని ఉద్యోగి నెత్తిన బోలెడు ఫైళ్లు ఉంటాయి. పని జరిగినప్పుడు ధన్యవాదాలు కూడా రాతలోనే చెప్పండి. ఆ ఉత్తరం ఆయన పైఅధికారికి చూపించుకుంటాడు, మీ రెండో అర్జీ మొదటిదానికంటే వేగంగా నడుస్తుంది.

బడి

వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. పదకొండేళ్లు వచ్చేదాకా బడి మొహం చూడని పిల్లను కూడా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. క్లాసు టీచరుకు పిల్ల కథంతా చెప్పనక్కర్లేదు. "మా సంరక్షణలో ఉంది, గట్టిగా అరిస్తే బెదిరిపోతుంది, వంశవృక్షం గీయమనే హోంవర్కు ఉంటే ముందు నాకు చెప్పండి" అంటే చాలు.

విజయవాడ, గుంటూరు అన్నాక బంధువుల్లో ఒకరైనా "ఏదైనా రెసిడెన్షియల్‌లో పడేయరాదూ, చదువుకు చదువు, మీకు తెరిపి" అంటారు. నేను గట్టిగా వద్దంటాను. పిల్లల హోము నుంచి ఇంటికి తెచ్చిన బిడ్డను మళ్లీ హాస్టల్లో వేయడానికి ఫోస్టర్ కేర్ ఎందుకు?

చుట్టాలు, ఫోన్లు

పెళ్లిలో పెద్దత్తయ్య పదిమందిలో "ఈ పిల్ల ఎవరే?" అని అడుగుతారు. జవాబు ముందే అనుకుని పిల్లకు కూడా చెప్పి ఉంచండి: "మా ఇంట్లో అమ్మాయి, అత్తయ్యా. భోంచేశారా?" ఆ రెండో వాక్యం అవసరం, అది ప్రశ్నను పంక్తి దగ్గరకు తీసుకెళుతుంది.

పిల్ల ఫొటో, పేరు, బడి పేరు వాట్సాప్ స్టేటస్‌లో గానీ, కుటుంబ గ్రూపుల్లో గానీ పెట్టకండి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దసరాకు ఇంద్రకీలాద్రి క్యూలో తీసుకున్న ఫొటో అయినా సరే. అక్క కూతురు ఉత్సాహంగా పెట్టేస్తుంది, ఆమెకు ముందే చెప్పాల్సింది మీరే.

పిల్లను కాపాడే ఈ నియమమే మిమ్మల్ని ఒంటరిని చేస్తుంది. పగలంతా నలిగిపోయి, స్నేహితురాలికి చెప్పుకుందామంటే పిల్ల గతం చెప్పకూడదు. దీనికి ఒక దారి ఉంది. పిల్ల కథ చెప్పకండి, మీ కథ చెప్పండి. "నాలుగు రాత్రులుగా నిద్ర లేదు, కోపం ఆగడం లేదు, రేపు సాయంత్రం మా ఇంటికి వచ్చి రెండు గంటలు కూర్చో" అనడానికి ఏ చట్టమూ అడ్డురాదు. పిల్ల సంగతులతో సహా మాట్లాడాల్సి వస్తే కేసు కార్యకర్త, కౌన్సెలరు ఉన్నారు. జిల్లాలో ఇంకా ఫోస్టర్ కుటుంబాలు ఉంటే, వారు ఒప్పుకుంటే పరిచయం చేయమని బాలల పరిరక్షణ విభాగాన్ని అడగండి. రెండు కుటుంబాలు కలిసినా చాలు. ఏ ఆదివారమో రాజీవ్ గాంధీ పార్కులో పిల్లల్ని ఆడుకోనిచ్చి పెద్దలు ఒక బెంచీ మీద కూర్చుంటే గంటలో కౌన్సెలింగ్ జరిగిపోతుంది.

మీ ఒళ్లు, మీ రాత్రులు

మొదట నిద్ర. భార్యాభర్తలు రాత్రిని రెండుగా పంచుకోండి: పన్నెండు దాకా ఒకరు, తర్వాత ఒకరు. "ఆడపిల్ల కదా, అమ్మే లేవాలి" అనే ఇంట్లో అమ్మ మూడో వారానికి జ్వరంతో పడుతుంది. ఒంటరిగా ఉన్నవారు వారంలో రెండు రాత్రులైనా తల్లినో, చెల్లెలినో వచ్చి పడుకోమనండి. కొత్త మనిషి రాత్రి ఉంటున్నారంటే పిల్లకు, కేసు కార్యకర్తకు ముందే చెప్పండి. పిల్లను వేరే ఇంట్లో ఉంచాల్సి వచ్చినా, జిల్లా దాటించాల్సి వచ్చినా ముందుగా రాసి ఇవ్వండి.

రెండోది కోపం. అది వస్తుంది. పిల్ల పళ్లెం విసిరికొట్టి "నువ్వేమైనా మా అమ్మవా" అన్నప్పుడు రాకపోతేనే ఆశ్చర్యం. ఆ క్షణంలో ఏమి చేయాలో తీరిగ్గా ఉన్నప్పుడే తేల్చుకోండి. పిల్ల భద్రంగా ఉందో లేదో చూసి, పొయ్యి ఆపి, "నేను బాల్కనీలో ఉంటాను, ఐదు నిమిషాల్లో వస్తాను" అని చెప్పి వెళ్లండి. చెప్పిన సమయానికి రండి, అది ముఖ్యం. ఈ పిల్లలకు వెళ్లిపోయినవారు తెలుసు, చెప్పి తిరిగి వచ్చినవారు తక్కువ తెలుసు. పళ్లెం ముక్కలు ఎవరు ఎత్తాలన్న పంచాయితీ రాత్రి భోజనం తర్వాత చూసుకోవచ్చు.

మూడోది, మీ సొంత పిల్లలు. వారానికి ఒక గంట ఆ పిల్ల లేకుండా వారితోనే గడపండి. బెసెంట్ రోడ్డులో చెప్పులు కొనడానికి వెళ్లినా సరే. "అక్కకు అన్నీ కొంటున్నారు" అని మీ అబ్బాయి మూతి ముడిస్తే సర్దిచెప్పకుండా ముందు వినండి. అతడు చెబుతున్నదాంట్లో సగమైనా నిజం ఉంటుంది.

మీ బీపీ, షుగరు ఆర్నెల్లకోసారి చూపించుకోండి. గుండె దడ, ఏడుపు ఆగకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇంట్లో కూర్చునే మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్, నంబరు 14416 ఉంది. రాత్రయినా పగలైనా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యుడిని కలిసిన సంగతి తెలిస్తే పిల్లను లాక్కుంటారని కొందరు భయపడతారు. చికిత్స తీసుకుంటున్న మనిషి కంటే తీసుకోకుండా బిగపట్టుకున్న మనిషి దగ్గరే పిల్లకు అపాయం ఎక్కువ అని నేనైతే కమిటీ ముందు కూడా అంటాను.

వేసవి సెలవులకు వేరే లెక్క. ఏప్రిల్ చివర బడి మూసింది మొదలు జూన్ రెండో వారం దాకా, బయట విజయవాడ ఎండ, లోపల పగలంతా పిల్లలు. మార్చిలోనే అడిగిపెట్టుకోండి: పొద్దున ఈతకో, గ్రంథాలయానికో తీసుకెళ్లేదెవరు, మధ్యాహ్నం మీరు పడుకునే గంటలో పిల్లను చూసేదెవరు. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉన్నాయి. మే నెలలో అడిగితే ఎవరూ దొరకరు, అందరూ ఆవకాయ పనుల్లో ఉంటారు.

పిల్ల కనిపించకపోతే, లేదా భయంకరమైన మాట చెబితే

రైలెక్కి వచ్చిన పిల్లకు స్టేషను దారి తెలుసు. కనిపించకపోతే పరువు చూసుకుంటూ వీధులు వెతకకుండా వెంటనే అత్యవసర నంబరు 112కు, పిల్లల హెల్ప్‌లైను 1098కి చెప్పండి, రైల్వే పోలీసులకు ఫొటో ఇవ్వండి, కేసు కార్యకర్తకు ఫోను చేయండి. గంట ఆలస్యమైతే రైలు రెండు జిల్లాలు దాటుతుంది.

లైంగికంగా ఎవరో హింసించారని పిల్ల చెబితే ప్రశ్నల మీద ప్రశ్నలు వేయకండి. "చెప్పి మంచి పని చేశావు" అనండి, తను వాడిన మాటలనే రాసుకోండి, పోలీసులకు తెలియజేయండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం. ఆ రాత్రి మీకూ ఎవరో ఒకరు తోడు ఉండాలి. అడగండి.

పిల్ల వెళ్లిపోయేటప్పుడు

ఫోస్టర్ కేర్‌లో ఇది తప్పనిది కావచ్చు. పిల్ల దత్తతకు చట్టపరంగా అర్హురాలై, రెండేళ్లు మీ దగ్గరే పెరిగి ఉంటే దత్తతకు మీరు ముందుకు రావచ్చు. చాలామంది విషయంలో మాత్రం ఒక రోజు కన్నతల్లి కోలుకుంటుంది, కమిటీ పంపించమంటుంది. హఠాత్తుగా కాకుండా రెండు మూడు కలయికలు, ఒక రాత్రి బస, తర్వాత పూర్తిగా అన్నట్లు దశలవారీగా జరపమని కమిటీని రాతలో కోరండి. మందుల చీటీ, బడి కాగితాలు, తను ఏమి తింటుందో, దేనికి భయపడుతుందో ఒక పేజీ రాసి తల్లి చేతికి ఇవ్వండి. తర్వాత ఫోను చేయవచ్చా అన్నది మీరు ఊహించుకోకుండా కమిటీనే అడగండి.

వెళ్లిన వారం రోజులు ఇంట్లో వంట సాగదు. "కన్నబిడ్డ కాదుగా, ఎందుకంత" అనేవారి ఇంటికి ఆ వారం వెళ్లకండి. ఆఫీసుకు సెలవు పెట్టాల్సి వస్తే కారణం అడిగినప్పుడు "ఇంట్లో మనిషి దూరమయ్యారు" అని చెప్పండి, అబద్ధమేమీ కాదు.

బాలల పరిరక్షణ విభాగం నుంచి ఫోను తొందరగానే రావచ్చు, మరో పిల్ల ఉంది, చూసుకుంటారా అని. ఇల్లు ఖాళీగా ఉందని వెంటనే ఒప్పుకోకండి. "మూడు నెలలు ఆగి నేనే ఫోను చేస్తాను, నా పేరు జాబితాలో ఉంచండి" అనండి, అదే మాట సందేశంగా పంపండి. తేదీ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.